చెక్కుబంది

నా పేరు ఖాజాబీ, నేను కుట్టేవి కాజాలు.
కల్వకుర్తి బస్టాండు ఎనక, రేకు గోడకు ఇవతల నా మిషను.
అవతల మొన్నటిదాంక ఎరువుల దుకాణం,
ఇప్పుడు బాలకిష్టయ్య సారు టిఫిన్ సెంటరు.
నేనింతవరకు దాన్ని కండ్లతోని చూడలే.
దసరా జాకెట్లు నూటపదారున్నయి,
తల ఎత్తే తీరిక లేదు.
చెవులు మాత్రం ఖాళీ.

రిజిస్ట్రేషను ఆఫీసుల ముప్పై నాలుగేండ్లు
రాసి రాసి రిటైరైన మనిషి.
పొద్దున ఆరుకు డ్రైవర్లొచ్చి షటరు కొడ్తరు, ధన్ ధన్.
లోపల్నుంచి గొంతు: "పదిన్నరకు రాండ్రి."
పదిన్నరకొస్తే, "టోకెన్ తీస్కోండ్రి."
టోకెన్ తీస్కుంటే,
"జంగమ్మా, ఈయనది సాదానా, మసాలానా?
మసాలా అయితే ఆధారమేంది?"

పెనం సుయ్యిమంటది.
దోశ ప్లేట్లకు రాంగనే సారు గొంతు సవరించి చదువుతడు:
"తూర్పుకు పల్లి చట్నీ, పడమరకు అల్లం చట్నీ,
ఉత్తరాన సాంబారు గిన్నె, దక్షిణాన గిరాకి బొటనవేలు,
ఈ నాలుగు హద్దుల నడుమ గల దోశ ఒకటి
సర్వహక్కులతో నీకు స్వాధీనం చేయడమైనది."
దడ్! బిల్లు మీద ముద్ర.
నా సూది ఒక కుట్టు తప్పుతది.

"సాంబారు హద్దు దాటింది సారూ" అంటరెవలో.
"దాటితే సర్వేయరును పిలువు," జంగమ్మ గొంతు,
"నాకు రెండే చేతులున్నయి."

ఒంటిగంటన్నరకు షటరు దిగుతది, గర్ర్‌ర్.
"భోజన విరామం!"
అన్నానికొచ్చినోళ్లు అన్నం ఏళకు బయట నిలవడి
హోటలాయన అన్నం తింటున్నడంట అని
ఒకరికొకరు చెప్పుకుంట నవ్వి
ఎదురుంగ బండి మీద బజ్జీలు తింటరు.
ఆ నవ్వు సారుకు ఇనవడదు, అప్పడం కొరుకుతుంటడు గద.
నాకు ఇనవడ్తది. అప్పడం కూడ.

జంగమ్మ రోజు మానేస్తనంటది.
"మానేయాలంటే దరఖాస్తు పెట్టు."
"నాకు రాయరాదు."
"నేను రాసిస్త. రుసుము పది రూపాయలు."
గంటె కింద పడ్డ సప్పుడు.
పడ్డదా, ఇసిరిందా,
రేకు గోడ చెప్పదు.

మొన్న మంగళారం వాన. రేకుల మీద పల్లీలు ఏంచినట్టు.
గిరాకి లేదు.
ఒక ముసలి దగ్గు నడుసుకుంట వచ్చి కూసున్నది,
కుర్చీ కిర్రుమన్నది.
"రెండు ఇడ్లి" అన్నది దగ్గు. కొంచెమాగి,
"నువ్వు ఆఫీసుల రాసే బాలకిష్టయ్యవు గాదూ?
నా రెండెకరాలు అమ్మిననాడు నువ్వే చదివినవు."

నేను మిషను ఆపిన. పాపమని గాదు, ఇందామని.

"ఏ ఊరు?"
"వెల్దండ దిక్కు. పోలె ఈదయ్య."
శానసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
అప్పుడు సారు, నేనెన్నడు ఇనని చిన్న గొంతుతోని,
"తూర్పుకు నీ తమ్ముని చెల్క. పడమరకు బండ్ల బాట.
ఉత్తరాన ఎండిన వాగు. దక్షిణాన...
దక్షిణాన ఒక చింతచెట్టు, అండ్ల సగం నీది."
"సగమేంది," అన్నడు ఈదయ్య,
"చెట్టంత నాదే. నువ్వు సగం రాసినవు."

ముద్ర పడలే.
రేకుకు చెవి ఆనించి చూసిన, పడలే.
ఒక ప్లేటు జరిగింది. ఎనకనే ఇంకొకటి జరిగింది.
"నేను రెండే చెప్పిన."
"నాలుగు తిను. సవరణ దస్తావేజు."
జంగమ్మ ఫక్కున నవ్వింది.
ఈదయ్య నవ్విండో, దగ్గిండో.

తెల్లారి ఒంటిగంటన్నరకు షటరు దిగింది గాని
నడుమ ఆగింది. లోపలికి వంగి పోవాలె.
వంగినోళ్లకు అన్నం పెడ్తున్నరంట.

ఇయ్యాల, రేకు తుప్పువట్టి పిడికిలంత బొక్క పడ్డ కాడ,
నేను కుట్టని కాజాలకెల్లి,
కాగితంల సుట్టిన మిర్చి బజ్జి ఒకటి ఇవతలికొచ్చింది.
"ఖాజాబీ, పక్క హద్దుదారువు నువ్వు.
అభ్యంతరముంటే ఏడు దినాల లోపల తెల్పు."
ఉప్పెక్కువైంది.
చెప్పలే.
ఇంక ఆరు దినాలున్నయి.